పిల్లాజెల్లాతో స్కూబాకి పోతున్నారా? ‘వద్దు’ అనగలిగేవాడి దగ్గరికే పోండి

మాది అనంతపురం. వానే సరిగ్గా పడని ఊరివాళ్లకి సముద్రం అడుగుకి పోవాలనే కోరిక ఎందుకు పుడుతుందో తెలీదు గానీ, ఈమధ్య నన్ను చాలామంది అడుగుతున్నారు, స్కూబాకి యాడికి పోవాల, ఎవరి దగ్గర చేయాల అని. మేం రెండుసార్లు పోయొచ్చాం. మొదటిసారి చెడ్డగా జరిగింది, రెండోసారి బాగా జరిగింది. ఒక్కొక్కరికీ ఫోన్లో అదే కథ చెప్పే బదులు అంతా ఒకచోట రాసేస్తున్నా.

ఏ ఊరికి పోవాలనే దాని మీద నెల రోజులు బుర్ర బద్దలు కొట్టుకుంటాం. డైవ్ చేయించేవాడు ఎవడనేదాని మీద మాత్రం ఐదు నిమిషాలు కూడా పెట్టం. హోటల్లో చెప్పారనో, ట్యాక్సీ డ్రైవరే తీసుకుపోయాడనో సరే అనేస్తాం. మొదటిసారి మేం చేసింది అచ్చం అదే. పడమటి తీరంలో ఒక ఊరు, పేరు ఎందుకులే. పారాసెయిలింగ్, బనానా రైడ్, స్కూబా, మధ్యాహ్నం భోజనం అన్నీ కలిపి తలా రెండు వేల లోపే అన్నారు, భలే చవక అనుకున్నాం. అట్టకి క్లిప్పు పెట్టి, దానికి దారంతో పెన్ను కట్టి ఒక కాగితం చేతికిచ్చారు. "సైన్ చేయండి సార్, ఫార్మాలిటీ" అన్నాడు. ఆస్తమా ఉందా, చెవి ఆపరేషన్ జరిగిందా, ఇప్పుడు జలుబుందా అని అందులో వరసగా రాసి ఉందని, ఎందుకో ఫోన్లో తీసిపెట్టుకున్న ఫొటోని ఇంటికొచ్చి పెద్దది చేసి చూసినప్పుడు గానీ నాకు తెలియలేదు. అప్పటికి మా బావమరిదికి రెండు రోజులుగా జలుబు.

పడవ పక్కన నీళ్లలో నిలబెట్టి రెండు నిమిషాలు మాస్కు ఎట్లా పెట్టుకోవాలో చూపించారు, అంతే, కిందికి. రెండు మూడు మీటర్లకే వాడు చెవి చూపించి చెయ్యి ఊపాడంట. గైడ్‌కి ఒక చేతిలో కెమెరా, రెండో చేత్తో వీడి సిలిండర్ వాల్వు పట్టుకుని లాక్కుపోతున్నాడు, ఆ ఊపడం టాటా అనుకున్నాడో ఏమో. వీడియో మాత్రం చాలా బాగా వచ్చింది. ఊరికొచ్చాక ఈఎన్‌టీ డాక్టర్ లోపల లైటు వేసి చూసి, చెవి పొర కమిలిపోయింది, కొన్నాళ్లు ముక్కు గట్టిగా చీదొద్దు అని చెప్పి పంపాడు. మూడు వారాలు వాడికి ఆ చెవిలో ఎవరు మాట్లాడినా బావిలోంచి మాట్లాడినట్టే వినిపించింది. జలుబుంటే డైవ్ చేయకూడదని ఆ రంగంలో చిన్న పిల్లాడికి కూడా తెలుసు. ఆ కాగితం చదివి ఒక్కడు "మీరు ఈరోజు వద్దు సార్" అని ఉంటే చాలు.

అందుకే రెండోసారి ఫోన్లు చేసేటప్పుడు నేను ఒకటే పట్టుకున్నా: మనం డబ్బులిస్తామన్నా వద్దు అనేది ఎవరు?

స్కూబా అని అమ్మేవన్నీ స్కూబా కాదు

మూడు రకాలున్నాయి, మొదట అది తెలుసుకుంటే సగం మోసం అక్కడే ఆగిపోతుంది. లైఫ్ జాకెట్ వేసుకుని, నీళ్ల మీదే బోర్లా తేలుతూ గొట్టంతో గాలి పీల్చుకుని కిందికి చూస్తే అది స్నార్కెలింగ్. పెద్ద హెల్మెట్ తల మీద పెట్టి, పై నుంచి పైపుతో గాలి పంపిస్తూ ఇసుక మీద నడిపిస్తే అది సీ వాక్. సిలిండర్ మోసుకుని, దాని గాలి పీల్చుకునే రెగ్యులేటర్ నోట్లో పెట్టుకుని, ఇన్‌స్ట్రక్టర్‌తో కిందికి పోతే అది స్కూబా. కొత్తవాళ్ల కోసం ఒక్క రోజులో చేయించేదాన్ని పాడి అనే సంస్థ డిస్కవర్ స్కూబా అంటుంది, ఎస్ఎస్ఐ అనే ఇంకో సంస్థ ట్రై స్కూబా అంటుంది. సర్టిఫికెట్ లేకుండా 12 మీటర్లు దాటకూడదు. ఈత రాకపోయినా చేయొచ్చు అంటారు, నిజమే, కానీ నీళ్లంటే వణికిపోయే పిల్లల్ని అట్లాగే తీసుకుపోవద్దు, ఒక నెల స్విమ్మింగ్ పూల్‌కి పంపండి. సరదాతో ఆగకుండా సర్టిఫికెట్టే కావాలంటే ఓపెన్ వాటర్ కోర్సుకి 200 మీటర్లు ఈదాలి, 10 నిమిషాలు తేలాలి. పూల్ ట్రైనింగ్ వరకు బెంగళూరు, హైదరాబాద్‌లోనే చేయించేవాళ్లు ఉన్నారు.

వయసు సంగతి. సముద్రంలో స్కూబాకి పదేళ్లు నిండాలి. ఎనిమిదేళ్ల పిల్లలకి పూల్ లాంటి చోట రెండు మీటర్ల లోతు దాటకుండా బబుల్‌మేకర్ అని ఒకటి ఉంది, అంతవరకే. మా వాడికి అప్పుడు తొమ్మిది. ఫోన్లో ఏడుగురిని అడిగితే ముగ్గురు "పర్లేదు సార్, తీసుకురండి, మేం చూసుకుంటాం" అన్నారు. ఆ ముగ్గురి నెంబర్లూ అక్కడికక్కడే తీసేశా. ఆ ఒక్క ప్రశ్నకి వచ్చే జవాబు వంద రివ్యూలతో సమానం, మీ పిల్లలకి పదేళ్లు దాటినా సరే, తొమ్మిదేళ్ల పిల్లాడు ఉన్నాడని చెప్పి అడిగి చూడండి.

ఇక ఊరి సంగతి

సీమ నుంచి పోవడానికి చూస్తే వైజాగ్, పుదుచ్చేరి, గోవా, ముర్డేశ్వర్, అండమాన్, ఈ ఐదే నాకు లెక్కలోకి వచ్చాయి. లక్షద్వీప్ నీళ్లు అద్భుతం అంటారు గానీ పర్మిట్లు, టికెట్లు చూసుకుని పిల్లలతో పోయే ఓపిక నాకు లేదు.

వైజాగ్ మన ఊరే, రుషికొండలో డైవింగ్ ఉంది, ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే దిగేది అక్కడే, పెద్దవాళ్లకి తెలుగులో వివరంగా చెప్పేవాళ్లు దొరుకుతారు, ఇది చిన్న విషయం కాదు. కానీ నీళ్లు అండమాన్ అంత తేటగా ఉండవు. మొదటిసారి కిందికి పోయిన పిల్లకి మూడు నాలుగు మీటర్ల అవతల మసక తప్ప ఏమీ కనపడకపోతే భయమే మిగులుతుంది. పుదుచ్చేరి కడపవాళ్లకి తిరుపతి మీదుగా దగ్గర, అక్కడ టెంపుల్ రీఫ్ లాంటివి, అంటే చేపలు చేరేలా సముద్రం అడుగున మనుషులు కట్టిన దిబ్బలు, ఉన్నాయి, అయితే అది నా దృష్టిలో కోర్సు చేసేవాళ్లకి, కుర్రకారుకి బాగుంటుంది.

గోవాకి కర్నూలు, అనంతపురంవాళ్లకి సులువు, గుంతకల్లులో అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే వాస్కోలో దింపుతుంది. మంచి డైవ్ సెంటర్లు అక్కడా ఉన్నాయి, గ్రాండే ఐలాండ్‌కి తీసుకుపోతారు. కానీ బీచ్‌లో పది అడుగులకొకడు ప్యాకేజీ అట్ట పట్టుకుని వెంటపడే ఊళ్లో మంచివాడిని ఏరుకోవడం, సంతలో మంచి ఎద్దుని ఏరుకున్నంత పని.

ముర్డేశ్వర్ మాత్రం నాకు చాలా నచ్చిన ఎంపిక, చివరికి పోలేదు గానీ. బళ్లారి, హుబ్బళ్లి మీదుగా కారులోనే పోవచ్చు. పెద్దవాళ్లకి గుడి, 123 అడుగుల శివుడు, సముద్రం ఒడ్డునే రాజగోపురం, ఇన్ని ఉన్నాయి కాబట్టి "మమ్మల్ని ఎందుకు లాక్కొచ్చినావ్" అనరు. డైవింగ్ నేత్రాణి దీవి దగ్గర, ఒడ్డు నుంచి సుమారు 19 కిలోమీటర్లు. పడవలో గంటన్నర పోవాలి, గంటన్నర రావాలి. అదీ చిక్కు. అలలకి వాంతులు చేసుకునే మనిషి ఇంట్లో ఒక్కరున్నా ఆ మూడు గంటలు అందరికీ నరకమే, పైగా డైవ్ చేయని అమ్మమ్మ, చిన్నపిల్లాడు ఆ పడవలోనే కూర్చోవాలి. అందరూ పదేళ్లు దాటినవాళ్లు, పడవ పడేవాళ్లు అయితే నేత్రాణి పట్టుకోండి. వానాకాలంలో మూసేస్తారు, అక్టోబరు నుంచి మే లోపలే పోవాలి.

మేం చివరికి అండమాన్‌కి పోయాం. అనంతపురం నుంచి దేవనహళ్లి ఎయిర్‌పోర్టు మూడు గంటల దారి, అక్కడి నుంచి పోర్ట్ బ్లెయిర్ (2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు), అక్కడి నుంచి ఫెర్రీలో హావ్‌లాక్, దానికీ 2018లో స్వరాజ్ ద్వీప్ అని పేరు పెట్టారు గానీ అందరూ ఇంకా హావ్‌లాక్ అనే అంటున్నారు. ఖర్చు మిగతావాటికి రెట్టింపు పైనే, విమానం టికెట్లే నడ్డి విరుస్తాయి. అయినా ఎందుకంటే, నీమో రీఫ్ లాంటి చోట్ల పడవ అక్కర్లేదు, ఒడ్డు నుంచి నడుచుకుంటూ నీళ్లలోకి దిగొచ్చు. భయమేస్తే లేచి నిలబడొచ్చు. చేయనివాళ్లు చెట్టు కింద కూర్చుని చూడొచ్చు. కుటుంబంతో పోయేవాళ్లకి ఇంతకంటే పెద్ద సౌకర్యం ఇంకోటి లేదని నా నమ్మకం.

రేట్లు, మేం కనుక్కున్నప్పుడు సుమారుగా, గోవాలో ప్యాకేజీ రెండు వేల చుట్టుపక్కల, నేత్రాణి నాలుగైదు వేలు, హావ్‌లాక్‌లో ఒడ్డు నుంచి అయితే మూడున్నర నుంచి నాలుగున్నర వేలు, పడవ అయితే ఇంకా పైన. సీజన్‌ని బట్టి మారుతుంటాయి.

మా నాయన, బావి, డాక్టర్ చీటీ

మా నాయనకి అరవై రెండు, బీపీ మాత్ర వేసుకుంటాడు. హావ్‌లాక్ సెంటర్‌వాళ్లు నెల ముందే మెయిల్‌లో మెడికల్ ఫారం పంపారు, ఒక్క ప్రశ్నకి "అవును" అని రాసినా డాక్టర్ సంతకం కావాలి, లేకుంటే నీళ్లలోకి దించం అన్నారు. మా నాయనకి కోపం వచ్చింది. "ఏందప్పా, నడుముకి బెండ్లు కట్టుకుని బావిలో ఈత నేర్చినోళ్లం, ముప్పై అడుగులు మునిగి అడుగున మట్టి తెచ్చినోళ్లం, మాకు డాక్టరు చీటీ యాల?" (ఇప్పుడు ఆ బావి లేదు. మా చుట్టుపక్కల అన్నీ బోర్లే, అవీ సగం ఎండినవే.)

ఆ మాట ఇన్‌స్ట్రక్టర్‌కి ఫోన్లో నవ్వుతూ చెప్తే అతను చెప్పింది నాకు ఇప్పటికీ గుర్తుంది. ఖాళీ బిందెని బోర్లించి బావిలోకి నొక్కుకుంటూ పోతే లోపలి గాలి నలుగుతుంది, పది మీటర్ల దగ్గర సగమైపోతుంది, పైకి తెస్తే మళ్లీ మామూలే. మీ నాయన ఊపిరి బిగబట్టి మునిగినప్పుడు ఆయన ఊపిరితిత్తులు ఆ బిందె లాంటివి, పైన నింపుకున్న గాలే పైకొచ్చాక మళ్లీ అంతే అవుతుంది. స్కూబాలో అట్లా కాదు, పది మీటర్ల కింద ఉండి సిలిండర్ గాలి నిండుగా పీలుస్తావు. అక్కడ ఊపిరి బిగబట్టి గబగబా పైకొస్తే అదే గాలి రెట్టింపు అవుతుంది, పోవడానికి దారి ఉండదు. అందుకే కింద ఎప్పుడూ ఊపిరి ఆపకూడదు, పీలుస్తూ వదులుతూనే ఉండాలి. బావి ఈత బాగా వచ్చినవాళ్లకే ఇది కష్టం, నీళ్లు కనపడగానే ఊపిరి బిగబట్టడం వాళ్లకి అలవాటు అన్నాడు. డైవ్ సెంటర్‌కి ఫోన్ చేసినప్పుడు ఇట్లా పది నిమిషాలు ఓపికగా చెప్పేవాడు దొరికితే ఇంకోడిని వెతకొద్దు. అన్నట్టు ఆ సిలిండర్లో ఉండేది ఆక్సిజన్ కాదు, మనం పీల్చే మామూలు గాలే, కుక్కి నింపుతారు. "ఆక్సిజన్ సిలిండర్ ఇస్తాం సార్" అనేవాడు తెలియకే అంటున్నాడో, మనకి అర్థం కావాలని అంటున్నాడో రెండో ప్రశ్న వేసి కనుక్కోండి.

మా నాయన చీటీ తీసుకోలేదు. పంతం. కాబట్టి చెట్టు కిందే కూర్చున్నాడు, వాళ్లూ బతిమాలలేదు.

ఫోన్లో ఏం అడగాలి

నాతో పాటు ఎంతమందికి ఒక ఇన్‌స్ట్రక్టర్? రూల్ ప్రకారం కొత్తవాళ్లు నలుగురి దాకా ఒక్కడే తీసుకుపోవచ్చు, కానీ మన దగ్గర మంచి సెంటర్లు ఒక్కొక్కరికి ఒకరిని ఇస్తాయి, పిల్లలున్నప్పుడు అంతకంటే తక్కువకి ఒప్పుకోవద్దు. ఫొటోలు తీసేది ఎవరు? ఇది ఎవరూ అడగరు, నేను మాత్రం మా బావమరిది చెవి సాక్షిగా అడుగుతా. కెమెరామెన్ వేరే ఉండాలి, నా కూతురి చెయ్యి పట్టుకున్నవాడి రెండో చెయ్యి ఖాళీగా ఉండాలి. ఇన్‌స్ట్రక్టర్ నెంబర్ ఇస్తే పాడి వెబ్‌సైట్‌లో నిజమో కాదో చూసుకోవచ్చు, అడిగితే మంచివాళ్లు ఏమీ అనుకోరు. ఎమర్జెన్సీ ఆక్సిజన్ కిట్ ఉందా (ఇక్కడ మాత్రం నిజంగా ఆక్సిజనే), దగ్గర్లో రీకంప్రెషన్ ఛాంబర్ (డైవ్ తర్వాత ఒంట్లో బుడగలు కట్టినవాళ్లకి ఒత్తిడి పెట్టి వైద్యం చేసే గది) ఎక్కడుంది అని అడిగి, తడుముకుంటున్నాడా టక్కున చెప్తున్నాడా వినండి. పిల్ల భయపడి వద్దంటే, వాతావరణం బాగాలేకపోతే డబ్బు ఏమవుతుంది అని కూడా ముందే తేల్చుకోండి, ఎందుకంటే డబ్బు పోతుందనే భయంతోనే మనం ఏడుస్తున్న పిల్లల్ని తోస్తాం. ట్రావెల్ ఏజెంట్ దగ్గర బుక్ చేస్తే ఏ సెంటర్ అనేది పేరుతో సహా రాయించుకోండి, "అక్కడికి పోయాక చూద్దాం సార్" అంటే ఎవడికి కమీషన్ ఎక్కువొస్తే వాడి దగ్గరికే పంపుతాడని అర్థం.

కళ్లద్దాలు ఉన్నవాళ్లు పవర్ మాస్కు ఉందా అని అడగండి. పిల్లలకి చిన్న సైజు మాస్కు, జాకెట్ ఉన్నాయో లేదో కూడా. మనవైపు మగవాళ్లకి ఇంకో సమస్య, మీసం. మాస్కు మీసం మీద సరిగా అతుక్కోక సన్నగా నీళ్లు కారుతుంటాయి. తీసేయాల్సినంత పనిలేదు, తీయమన్నా సీమలో ఎవడు తీస్తాడు గానీ, మాస్కులోకి వచ్చిన నీళ్లు ముక్కుతో ఊది పంపడం ఒడ్డునే బాగా నేర్పించమనండి.

అక్కడ చూసింది

మా అమ్మాయికి పన్నెండు. నడుము లోతు నీళ్లలో మోకాళ్ల మీద కూర్చోబెట్టి అరగంట పైనే నేర్పించారు. ముక్కు మూసుకుని చెవుల్లోకి గాలి ఊదడం, రెగ్యులేటర్ నోట్లోంచి ఊడితే మళ్లీ పెట్టుకోవడం, చేతి సైగలు. మాస్కులోకి నీళ్లు రానిచ్చి ఊదమంటే అది మూడుసార్లూ లేచి నిలబడి దగ్గింది. నాలుగోసారి కూడా అంతే. ఇన్‌స్ట్రక్టర్ తన మాస్కు తీసేసి, దాని పక్కనే కూర్చుని, "ఈరోజు చాలు, రేపు పొద్దున ఏడున్నరకి రా, ఎక్స్‌ట్రా డబ్బులు వద్దు" అన్నాడు. అది ఏడ్చింది, నాకు లోపల మొదటి ఊరు గుర్తొచ్చి ప్రాణం లేచొచ్చింది. మర్నాడు రెండో ప్రయత్నానికే ఊదేసింది. కిందికి పోయాక ఒక పెద్ద చేపల గుంపు చూసి సంబరంతో బొటనవేలు పైకెత్తింది. కింద ఆ సైగకి సూపర్ అని కాదు, "పైకి పోదాం" అని అర్థం. అతను వెంటనే దాన్ని పైకి తెచ్చేశాడు. "ఏమైంది?" అంటే "ఏం కాలేదు అంకుల్, బాగుంది అన్నా" అంది. మళ్లీ దిగారు.

మీరు కూడా దిగేముందు రెగ్యులేటర్‌తో ఒడ్డునే రెండు మూడు సార్లు పీల్చి చూడండి, పొగ వాసనో నూనె వాసనో వస్తే వేరే సిలిండర్ అడగండి. సిలిండర్లో గాలి ఒత్తిడి ఎంతుందో చూపే గేజ్ చూపించమనండి, నిండు సిలిండర్ సుమారు 200 బార్ చూపిస్తుంది, 50 మిగిలి ఉండగానే పైకి రావాలి. రెండో రెగ్యులేటర్ వేలాడుతూ ఉండాలి. చేపలు గుమిగూడాలని బిస్కెట్లు చల్లేవాడు, పిల్లలకి పగడపు ముక్క చేతిలో పెట్టి ఫొటో తీసేవాడు ఉంటే అది చెడ్డ గుర్తు. పగడాలు, సముద్ర దోసకాయలు వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉన్నవి, బ్యాగులో ఒక ముక్క దొరికితే మీకే తంటా.

టిఫిన్ తేలిగ్గా తినండి. ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని పడవెక్కితే ఏమవుతుందో నేను రాయనక్కర్లేదు.

తిరిగొచ్చే లెక్క

డైవ్‌ని ట్రిప్ చివరి రోజు పెట్టుకోవద్దు. ఒక్క డైవ్ అయితే 12 గంటలు, ఒకటి కంటే ఎక్కువైతే 18 గంటలు గడిచాకే విమానం ఎక్కాలి, చాలా సెంటర్లు 24 గంటలు ఆగమంటాయి, నేనూ అంతే చెప్తా. డైవ్ అయిన వెంటనే ఎత్తుకి పోతే ఒంట్లో బుడగలు కట్టే ప్రమాదం ఉంది, అందుకే ఈ లెక్క. ఇది విమానానికే అనుకుంటారు చాలామంది. ముర్డేశ్వర్ నుంచి కారులో ఘాట్ ఎక్కితే హుబ్బళ్లి సముద్ర మట్టానికి 600 మీటర్ల పైనే ఉంటుంది కదా, అందుకే మధ్యాహ్నం డైవ్ చేసి ఆ సాయంత్రమే బండి ఎక్కకుండా ఆ రాత్రి అక్కడే పడుకుని, పెద్దవాళ్లకి గోపురం ఎక్కించి, మర్నాడు బయల్దేరడం మంచిది. ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకుంటే అందులో స్కూబాకి కవర్ ఉందో లేదో చదవండి, చాలా పాలసీల్లో సాహస క్రీడల్ని పక్కన పెట్టేస్తారు.

మా వాడికి ఫిబ్రవరిలో పదేళ్లు నిండుతాయి. తేదీకి ఇప్పుడే సున్నా చుట్టుకున్నాడు, ఈసారి నేత్రాణి అంటున్నాడు, కాబట్టి పడవ పడుతుందో లేదో తెలుసుకోవడానికి ముందు గండికోట పడవలో ఒకసారి కూర్చోబెట్టి చూడాలి. మొన్న బీపీ చూపించుకోవడానికి పోయినప్పుడు మా నాయన డాక్టర్‌ని ఇంకేదో కాగితం మీద సంతకం పెట్టమన్నాడంట. అమ్మ చెప్పింది, ఆయన ఇంకా ఒప్పుకోలేదు.